చిటికెన వేలికి ఇత్తడి గొట్టం

గ్రీజు వాసన తగిలితే చాలు, ఈ వయసులో కూడా నా కుడిచేతి చిటికెన వేలు తనంతట తనే లోపలికి ముడుచుకుంటుంది. మొన్న వానాకాలం చివర, నాచారంలో మేముండే అపార్టుమెంటు లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ చిన్న కుదుపుతో ఆగిపోయి, దీపం ఆరి, ఫ్యాను నిలిచి, ఆ ఇనుప డబ్బాలో గాలి మందగించగానే తీగల మీది పాత గ్రీజు వాసన గుప్పున కొట్టింది, నా వేలు ముడుచుకుంది. లోపల ఉన్నది ఇద్దరం, నేనూ మా అమ్మా. ఉప్పల్‌లో కంటి దవాఖానాకు పోయి, శుక్లం తీయించుకున్న అమ్మ కంటిని మళ్లీ చూపించి, దారిలో కిలో జామకాయలు కొనుక్కుని వస్తున్నాం. ఆ లిఫ్టులో నాలుగు గంటలు ఇరుక్కుపోయామని ఇప్పటికే ముగ్గురు చుట్టాలకు ఫోన్లో చెప్పాను. ఒప్పుకోవాలంటే యాభై నిమిషాలు. మా వాచ్‌మన్‌ను అడిగితే నలభయ్యే అంటాడు, వాడికి నా మీద మొదటి నుంచీ గౌరవం తక్కువ.

అమ్మకు ఎనభై మూడేళ్లు. నల్లద్దాలు పెట్టుకునే ఉంది కాబట్టి దీపం ఆరిన సంగతి ఆమెకు పెద్ద తేడా కనిపించలేదు. ఫోన్ లైటు వెలుగులో లిఫ్టు నేల మీద కల్లంలో కూర్చున్నట్టు కాళ్లు చాపుకుని కూర్చుని, సంచిలోంచి ఒక పండు జామకాయ తీసి కొంగుకు తుడుచుకుంది. నేను మాత్రం పౌరుషానికి పోయి తలుపు పలకల నడుమ వేళ్లు దూర్చి గుంజుతున్నాను. వాచ్‌మన్ పిలిపించిన మెకానిక్ పిల్లవాడు పైనుంచి అరిచాడు.

"తలుపు గుంజకు పెద్దాయనా! గిది టెలిస్కోపిక్ డోర్. రెండు పలకలు ఒకదానెన్క ఒకటి దూరుతయ్. జబర్దస్తీ జేస్తే అడ్డం వడ్తది, ఇంగ మీరు ఆడ్నే!"

"ఏమంటున్నడురా?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా, జర ఆగుమంటున్నడు."

"టెలిస్కోపిక్ అన్నడు. నా కండ్లు పోయినయ్ గని చెవులు పోలే." జామకాయ కొరికి, నమిలి, మింగి, అప్పుడు అంది: "గా గొట్టం ముట్టకుంటే మీ నాయిన బతుకు గట్ల గాకపోవు. పండుగ నాడు దొంగతనం జేస్తరా ఎవరన్న?"

యాభై ఏడేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఇంట్లో అయితే ఏదో పని కల్పించుకుని అవతలి గదికి పోతాను, లేదా టీవీ గొంతు పెంచుతాను. లిఫ్టులో అవతలి గది లేదు.

టెలిస్కోపిక్ అన్న మాట మా నాచారానికి వచ్చినప్పుడు నాకు ఏడో ఎనిమిదో ఏళ్లు. అప్పటికి ఇది ఊరు. జొన్నచేలు, ఆముదపు చేలు, వాటి నడుమ ఎండకు కాగే గుట్టలు, గుట్టల సందుల్లో ఎవరూ నాటని సీతాఫలం చెట్లు, వానలు తగ్గి పునాస పంట ఇల్లు చేరే వేళకు చేను గట్ల మీద పచ్చగా విరగబూసే తంగేడు. మేము పిల్లలం చిర్రగోనె, అదే గిల్లీదండా, ఆడితే చిర్ర పోయి ఎవరో ఒకరి పెసర చేనులో పడేది, దాన్ని వెతికే నెపంతో పెసరకాయలు ఒడిలోకి వచ్చేవి. సీతాఫలాలు పచ్చివే తెంపి వడ్ల పొట్టులో దాచిపెట్టి, పండాయో లేదోనని పూటకు నాలుగుసార్లు నొక్కి చూసి, పండక ముందే నలగ్గొట్టుకునేవాళ్లం. అట్లాంటి నేల మీదికి ఫ్యాక్టరీలు ఒకటొకటిగా వచ్చాయి. మా రెండెకరాల ఆముదపు చేను మీద ఒక రేకుల షెడ్డు లేచింది. చేను పోయినందుకు ఇంటికొక నౌకరి అన్నారు, మా నాయిన ఎల్లయ్యకు ఇచ్చారు. అంటే ఆ నౌకరే మా చేను. అది పోతే వెనక్కి పోవడానికి నేల లేదు. ఈ సంగతి అమ్మకూ నాయినకూ తెలుసు, నాకు తెలియలేదు.

ఆ షెడ్డులో ట్రాన్సిస్టర్ రేడియోలకు పెట్టే ఏరియల్ కడ్డీలు తయారయ్యేవి. ఒకదానిలో ఒకటి దూరే ఏడు సన్నటి ఇత్తడి గొట్టాలు, లావుదానిలో సన్నది, సన్నదానిలో మరీ సన్నది. ప్రతి గొట్టం మూతి అంచును మర మీద రవ్వంత లోపలికి వంచుతారు, లోపలి గొట్టం పైకి వచ్చి ఆ అంచు దగ్గర ఆగిపోవాలి. ఆ తర్వాత వెండిలా మెరిసే పూత. నాయిన పని పూత అయిన కడ్డీని నిలువుగా పట్టుకుని కొసదాకా గుంజి, ఒక క్షణం చూసి, మళ్లీ మూయడం. తనంతట తాను జారకూడదు, మూస్తే మొరాయించకూడదు. పొద్దంతా గుంజి, మూసి, గుంజి, మూసి, ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా ఎడమచెయ్యి గాల్లో ఏదో గుంజుతూ ఉండేది. ఇంగ్లీషు మాట మరొకటి నోటికి రాని మనిషి, దీన్ని మాత్రం అక్షరం అక్షరం విడదీసి, కడ్డీని గుంజినట్టే గుంజి పలికేవాడు: "టె-లి-స్కో-పిక్. అంటే గిదే బిడ్డా, లోపల్ది బయటికి రావాలె గని ఊడి రావద్దు."

గేటు దగ్గర వాచ్‌మన్ జేబులు తడిమి పంపేవాడు కాబట్టి కడ్డీ ఏనాడూ ఇంటికి రాలేదు, మాట ఒక్కటే వచ్చింది. వచ్చిన మాటను మా వాడ వృథా పోనియ్యలేదు. పిట్టగోడ మీదుగా మా ఇంట్లో ఏం కూరో చూసే పక్కింటి పెద్దవ్వది టెలిస్కోపిక్ మెడ. అత్త ఎదుట ముడుచుకుని బావి దగ్గర నిలువెత్తు పెరిగే కోడలు టెలిస్కోపిక్ కోడలు. ఎవరి ఇంటికో చుట్టపు చూపుగా వచ్చిన మామ చేతిలోని మడత గొడుగు, చెర్లపల్లి వైపు పోయే గూడ్సు బండి, పెళ్లి విస్తట్లో వడ్డన ముగిసినా సాగే పాయసం తీగ, అన్నీ అవే. నా వంతు వచ్చేసరికి అమ్మ ఇచ్చిన బిరుదు: "వీనియి టెలిస్కోపిక్ ముచ్చట్లు. ఒకటి గుంజితె లోపట్నుంచి ఇంకొకటి వస్తది."

అబద్ధం కాదు. ఉప్పల్ బడిలో సైన్సు సారు ఒకరోజు చుక్కల్ని చూసే దుర్భిణి గురించి చెబుతూ, దానికి ఒకదానిలో ఒకటి జరిగే గొట్టాలు ఉంటాయనీ, దూరాన ఉన్నదాన్ని దగ్గరికి తెస్తుందనీ, దాని పేరు నుంచే టెలిస్కోపిక్ అన్న మాట పుట్టిందనీ అన్నాడు. నేను లేచి నిలబడి, అవి మా నాయినే చేస్తాడని చెప్పాను. అక్కడితో కూర్చుంటే బాగుండేది. మా ఇంట్లో రెండు ఉన్నాయన్నాను. నాచారం గుట్ట మీద నిలబడి దానితో చార్మినార్ గడియారం చూశానన్నాను. నాలుగూ పది అయిందని కూడా అన్నాను.

"అట్లయితె దసరా సెలవులు అయినంక తే," అన్నాడు నా పక్కన కూర్చునే నర్సిగాడు, క్లాసంతా వినేట్టు. "తేకపోతె నీ పేరే టెలిస్కోప్."

ఆ సంవత్సరం బతుకమ్మ తొమ్మిది రోజులూ నాకు తంగేడు పూలు కనబడలేదు, అమ్మ దంచిన నువ్వుల పొడి, పల్లీల పొడి, బెల్లం కలిపిన మలీద ముద్దలు ఎప్పుడు తిన్నానో తెలియలేదు. సెలవులు ఒక్కో రోజూ మూసుకుపోతున్నాయి. దసరా నాడు షెడ్డులో మరలకు పూజ. ఏడాదిలో ఆ ఒక్క రోజు పనివాళ్ల పెండ్లాం పిల్లలను లోపలికి రానిస్తారు, ఆ ఒక్క రోజు వాచ్‌మన్ ఎవరి జేబులూ తడమడు. మరలకు పసుపు బొట్లు, బంతిపూల దండలు, గుమ్మడికాయ పగలగొట్టిన చోట కుంకుమ నీళ్లు, వీటన్నిటి మీద పొరలా పరుచుకున్న గ్రీజు వాసన. అందరూ హారతి కళ్లకద్దుకునే వేళ నేను పక్క బల్ల మీది తట్టలోంచి ఒక గొట్టం తీశాను. అన్నిటికన్నా లావుది, ఇంకా పూత ఎక్కనిది, జానెడు పొడుగు. ఎవరో ఇటు తిరిగారు. భయంతో చిటికెన వేలు అందులో దూర్చి చెయ్యి నిక్కరు జేబులో పెట్టుకున్నాను.

వేలు దూరింది. వంచిన అంచు దాటి కణుపు లోపలికి పోయింది. లోపలిది ఊడి రాకుండా పట్టుకోవడానికే కదా ఆ అంచు పెట్టింది, అది తన పని తాను చేసింది.

ఇంటికి వచ్చి గడ్డివాము వెనక నిలబడి గుంజాను, ఉమ్మి రాసి తిప్పాను, పళ్లతో పట్టుకుని లాగాను. వేలు వాచింది, వాచిన కొద్దీ గొట్టం బిగిసింది. మధ్యాహ్నం మటన్ కూర, గారెలు. కుడిచెయ్యి బయటికి తీయకుండా తినే దారి లేదు. కడుపు నొస్తుందన్నాను. ఏడాదికి నాలుగుసార్లు మటన్ చూసే ఇంట్లో దసరా నాడు వద్దన్న పిల్లవాడిని చూసి అమ్మ భయపడి ఇంత వాము నమిలించింది. పీట మీద కూర్చుని వాము నములుతూ అందరూ ఎముకలు జుర్రుతున్న చప్పుడు వింటూ ఉన్నాను. తల నుంచి కాలిదాకా నేనే ఆ గొట్టంలో ఉన్నట్టు అనిపించింది.

పొద్దుగూకే ముందు మగవాళ్లంతా ఊరి చివర జమ్మి దగ్గరికి పోయి, ఆకు తెచ్చి, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలయ్ బలయ్ అని కౌగలించుకున్నారు. ఆ ఏడు మా ఇంటికి షెడ్డు సూపర్‌వైజర్ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఈ ఆచారం కొత్త, నాయిన మీది ఇష్టం కొద్దీ పిలవగానే వచ్చాడు. వాడంతా గుమికూడి చూస్తోంది. నాయిన ఆయనకు జమ్మి పెట్టి కౌగలించుకున్నాడు. ఆయన నవ్వుతూ నా వైపు చెయ్యి చాపాడు. "ఏరా అబ్బాయ్, నాకు బంగారం ఇవ్వవా?"

నేను ఎడమచేత్తో ఆకు పెట్టాను.

"ఏయ్! సారుకు ఎడమ చేత్తోని జమ్మి పెడ్తవా?" నాయిన నా కుడిచెయ్యి పట్టి జేబులోంచి గుంజాడు. పూత లేని ఇత్తడి, సాయంకాలపు ఎండలో, చిటికెన వేలికి పొడుచుకు వచ్చి మెరిసింది.

"ఇది ఎక్కడిది ఎల్లయ్యా?" అన్నాడు సూపర్‌వైజర్, చాలా మెల్లగా, నాకు వినబడకూడదన్నట్టు.

"నాయినే తెచ్చిచ్చిండు," అన్నాను నేను.

నాయిన నా వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపు ఉందో పెంచి చెప్పలేను, తగ్గించీ చెప్పలేను. తర్వాత సారు వైపు తిరిగాడు. "ఔ సారు. నేనే తెచ్చిన. పోరడు అడిగిండని."

గడపలో గారెల పళ్లెం పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. సారు ఆకు జేబులో పెట్టుకుని, తల వంచుకుని, గారె ముట్టకుండా వెళ్లిపోయాడు.

చీకటి పడక ముందే నాయిన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, వేలికి ఆముదం పోసి, ఆకురాయితో ఆ అంచును అరగదీయడం మొదలుపెట్టాడు. ఒక గీత గీసి, ఊది, వేడి తగ్గాక మళ్లీ గీత. ఆకురాయి ఆగినప్పుడల్లా నేను చెప్పబోయాను. నోరు తెరిచిన ప్రతిసారీ, "నోరు మూస్కో. కదిల్తె వేలు కోస్కుంటది," అన్నాడు. అడిగింది ఒకే మాట: "నొస్తుందా?" అంచు అరిగి గొట్టం జారి వచ్చింది. మర్నాడు దాన్ని శుభ్రంగా తుడిచి, వాళ్లది వాళ్లకు ఇచ్చి వస్తానని షెడ్డుకు పోయాడు. ఎండ ముదరక ముందే ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత సంగతి నేను నా జీవితంలో చాలామందికి చెప్పాను. ఆఫీసులో, పెళ్లిళ్లలో, రైళ్లలో: మా నాయిన యజమానితో మాటా మాటా పెరిగి, కడ్డీల కట్ట ఆయన ముందర విసిరికొట్టి, పులిలా నడిచి వచ్చేశాడు. నా పెండ్లానికి చెప్పినప్పుడైతే ఏరియల్‌కు ఏడో గొట్టం పెట్టాలన్న ఉపాయమే మా నాయినదని చెప్పాను. ఏదీ జరగలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు, నాయిన గొట్టం అతని చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు. పాతికేళ్లు రాళ్ల క్వారీలో సుత్తె పట్టాడు. రోజూ పొద్దున మా చేనులో లేచిన ఆ షెడ్డు ముందు నుంచే పోయేవాడు, అటు దారి తప్ప మరో దారి లేదు. నేను బడికి గొట్టం తీసుకుపోలేదు. నర్సిగాడు అడగనూ లేదు, మరిచిపోయాడు.

మరిచిపోనిది అమ్మ. ప్రతి దసరాకూ నాయిన జమ్మి తీసుకుని వస్తే గడపలో అడ్డం నిలబడేది. "జేబులు సూపెట్టు ముందుగాల." నాయిన రెండు జేబుల లోపలి గుడ్డలూ బయటికి లాగి, కుందేలు చెవుల్లా పట్టుకుని నిలబడేవాడు. వాడంతా నవ్వేది, ఆయనా నవ్వేవాడు. రాలేది ఇంత బీడీ పొడి, రెండు జమ్మి రెమ్మలు. అప్పుడు ఆమె చెయ్యి చాపేది. దాదాపు నలభై దసరాలు అట్లా నడిచాయి, నేను ఆ నలభై సార్లూ పక్కనే ఉన్నాను. చిన్నప్పుడు దెబ్బల భయం. పెద్దయ్యాక, ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయం. ఏళ్లు గడిచిన కొద్దీ వేలు వాచింది. నాయిన మంచాన పడ్డప్పుడు ఒకసారి ధైర్యం చేసి, "నాయినా, గా గొట్టం ముచ్చట..." అన్నాను. "ఏ గొట్టంరా?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు లిఫ్టులో అమ్మ రెండో జామకాయ అందుకుంది. పైన ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు.

"అమ్మా, గా గొట్టం నాయిన తేలే."

"మరి నడ్సుకుంట వచ్చిందా?"

"నేను తెచ్చిన. పూజ నాడు తట్టల నుంచి తీసిన. నాయిన ఇచ్చిండని నేనే అబద్ధం జెప్పిన. నాయిన నా మీదికి రాకుంట తన మీద ఏస్కున్నడు."

నమలడం ఆగింది. ఫోన్ లైటులో ఆ నల్లద్దాల మీద నేనే రెండుగా కనబడుతున్నాను. కొరికిన జామకాయ సంచిలో పెట్టేసి అంది:

"గందుకేనా గా దినం నువ్వు మటన్ తినలే?"

"ఔ."

"కడుపు నొస్తుందంటివి. నేను వాము నమిలిపిస్తిని." కొంగుతో చేతులు తుడుచుకుంది. "గాయినతోని జేబులు సూపెట్టిపిచ్చిన్రా. ముసలోడయినంక గూడ. నవ్వుకుంట సూపెట్టిండు." అద్దాలు తీసింది.

"కన్ను తడవొద్దన్నడు డాక్టరు," అన్నాను.

"నోరు మూస్కో."

తలుపు పలకలు కదిలాయి, ఒకటి రెండోదాని వెనక్కి దూరింది, నడుము ఎత్తున మూడో అంతస్తు గచ్చు కనబడింది. మెకానిక్ పిల్లవాడు వంగి చెయ్యి చాపాడు, పక్కనుంచి నేనూ చాపాను. అమ్మ ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుంది.

నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. సరే, నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నా ఎదుటే నా పెండ్లాంతో, "వానికి చెప్పు, చాయ్ సల్లారుతుందని," అనేది.

దసరా వచ్చింది. జమ్మి చెట్టు ఉన్న చోట ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభం ఉంది. షెడ్డు పోయి పార్సిళ్ల గోదాము అయింది, దాని ముందు డెలివరీ పిల్లల బండ్లు వరస కట్టి ఉంటాయి. గుట్టను పగలగొట్టిన రాయితోనే చుట్టూ ఇళ్లు లేచాయి, అందులో కొంత మా నాయిన కొట్టిందే అయి ఉండాలి. ట్రాన్సిస్టర్లు పోయాయి, వాటి కడ్డీలు పోయాయి. ఆ మాట ఒక్కటే లిఫ్టు తలుపుల్లో, మా కోడలి వంటింటి సొరుగుల్లో బతుకుతోంది. ఉప్పల్ చౌరస్తాలో రబ్బరు బ్యాండు వేసి అమ్ముతున్న జమ్మి కట్ట ఒకటి కొనుక్కుని, ఆ లిఫ్టు ఎక్కకుండా మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాను.

గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. ఆకు పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"జేబులు సూపెట్టు ముందుగాల."

కట్ట చంకలో పెట్టుకుని, రెండు జేబులూ లాగాను. బీపీ మాత్రలు, తాళం చెవులు, కళ్లద్దాల గుడ్డ నేల మీద పడ్డాయి. ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూస్తున్నారు. ఆ జేబు గుడ్డలు అట్లా పట్టుకుని నిలబడితే తెలిసింది, నవ్వడం ఎంత కష్టమో. అమ్మ వంగి, కొత్త కంటితో నిదానంగా రెండు జేబులూ చూసి, చెయ్యి చాపింది. కుడిచేత్తో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాను. లేవబోతే చెయ్యి ఇంకా చాపే ఉంది.

"ఇంకొకటి పెట్టు. మీ నాయినది," అంది. "గాయిన జేబులు సూడ."